యుద్ధం గెలిపించినవాణ్ణే ఇంటికి పంపారు: 1945లో బ్రిటన్ జనానికి ఏం కావాల్సి వచ్చింది?

కొండపల్లి_బొమ్మ
మా అబ్బాయికి చరిత్ర పాఠం చెబుతూ నేనే ఇరుక్కుపోయాను. 1945 మే 8న ఐరోపాలో యుద్ధం అయిపోయింది. లండన్ వీధులు పట్టనంత జనం, చర్చిల్ కనపడితే చాలు కేకలు. జులై 26న ఎన్నికల ఫలితాలొచ్చాయి. లేబర్ పార్టీకి 393 సీట్లు, చర్చిల్ పార్టీ చిత్తు. మధ్యలో గడిచింది పదకొండు వారాలు! నాకు ఆ మనిషి మీద ప్రేమేం లేదు, 1943 బెంగాల్ కరువు గురించి చదివాక ఉండదు కూడా. కానీ వాళ్ల దేశానికి ఆయన చేసింది చేశాడు కదా. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్నట్టు లేదూ? వాడు "మరి ఎందుకు ఓడించారు నాన్నా" అని అడిగితే "కృతజ్ఞత లేక" అని చెప్పేశాను. అప్పట్నుంచి ఆ జవాబు నాకే రుచించడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

వేపచెట్టు
సామెత బాగుంది, ఇక్కడ అతకదు. ఓడ నడిపిన మల్లయ్య ఒక్కడే కాదు. 1940 నుంచి ఉన్నది అన్ని పార్టీల ప్రభుత్వం. చర్చిల్ యుద్ధం చూసుకున్నాడు. లేబర్ నాయకుడు అట్లీ ఉప ప్రధాని, బెవిన్ చేతిలో కార్మిక శాఖ, మోరిసన్ చేతిలో హోం శాఖ. ఇంటి సంగతులన్నీ లేబర్ వాళ్లే చక్కబెట్టారు. ఐదేళ్లపాటు జనం వాళ్ల పని కళ్లారా చూశారు.

రామ్_లెస్టర్
పైగా చర్చిల్ తన నోటితోనే చెడగొట్టుకున్నాడు. జూన్ 4 రేడియో ప్రసంగంలో, సోషలిజం రావాలంటే ఏదో ఒక రకం గెస్టపో (హిట్లర్ రహస్య పోలీసు దళం) లేనిదే కుదరదన్నాడు. నిన్నటిదాకా తన పక్కన కూర్చున్న అట్లీని పట్టుకుని! మర్నాడు అట్లీ గొంతు పెంచకుండా జవాబిచ్చాడు: యుద్ధకాలపు మహానాయకుడికీ ఒక పార్టీ నాయకుడికీ తేడా ఏమిటో జనానికి తెలియాలనే ఆయన అలా మాట్లాడి ఉంటాడు అనే ధోరణిలో. అక్కడే సగం ఎన్నిక అయిపోయింది.

బండిచక్రం
అట్లీ ముచ్చట వచ్చింది కాబట్టి ఒకటి చెప్త. ఎన్నికల ప్రచారం మొత్తం ఆయన భార్యనే కారు నడిపింది. గెలిచినంక రాజు దగ్గరికి పోయింది గూడ ఆమె నడిపిన చిన్న కారులనే. ఇప్పుడు మన సర్పంచికి గూడ మూడు బండ్లు వెంట పోతున్నయి.

పాతపేపర్లు
కొండపల్లి గారూ, రామ్ గారన్నట్టు ఒక్క ప్రసంగం వల్ల సగం ఎన్నిక అయిపోయిందని నేననుకోను. దీని వేరు 1945లో లేదు, 1918లో ఉంది.

మొదటి యుద్ధం అయ్యాక కూడా అక్కడి సిపాయిలకు చాలా మాటలిచ్చారు. వీరులకు తగ్గ ఇళ్లు కట్టిస్తామన్నారు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి ఆ సిపాయిల్లో ఎంతమంది పని లేక వీధుల్లో నిలబడ్డారో! 1931 తర్వాత నిరుద్యోగ భృతికి ఆస్తిపాస్తుల విచారణ పెట్టారు. అధికారి ఇంటికొచ్చి కుర్చీలు, బల్లలు లెక్క చూసేవాడు. కొడుక్కి చిన్న ఉద్యోగం దొరికిందా, తండ్రి భృతిలో కోత. తండ్రికి బరువు కాకూడదని ఇల్లు విడిచి వేరే గదిలో ఉన్న పిల్లలున్నారు. 1936లో జారో అనే ఓడల పట్నం నుంచి రెండొందల మంది పని ఇప్పించమని లండన్ దాకా నడిచారు. చేతికేమీ రాకుండా తిరిగెళ్లారు.

సరిగ్గా ఆ కాలంలో అధికారంలో ఉన్నది ఎక్కువగా చర్చిల్ పార్టీ వాళ్లే. 1945లో ఓటేసినవాడు చర్చిల్ వంక చూసి వెయ్యలేదు, ఆ 1930ల వంక చూసి వేశాడు. యుద్ధం రాగానే ఎక్కడలేని డబ్బూ వచ్చింది, అందరికీ పనీ దొరికింది. "బాంబులకు ఉన్న డబ్బు ఇళ్లకు ఎందుకు లేదు" అన్న ప్రశ్న సిపాయి బుర్రలోకి వచ్చాక ఇక పోదు.

ఇంకోటి. అంతకు ముందు సాధారణ ఎన్నిక జరిగింది 1935లో. అంటే 1945లో ముప్పై లోపు వయసున్న ఎవరికీ పార్లమెంటు సాధారణ ఎన్నికలో ఓటేసిన అనుభవమే లేదు. ఆరేళ్లు తుపాకీ పట్టుకున్న తరం అదే. విదేశాల్లో ఉన్న సైనికుల ఓట్లు చేరాలనే జులై 5న పోలింగ్ అయితే మూడు వారాలు ఆగి లెక్కపెట్టారు.

అక్షరాల_పిచ్చి
పాతపేపర్లు గారు అసలు పుస్తకం పేరెత్తలేదే! 1942 డిసెంబరులో వచ్చిన బెవరిజ్ నివేదిక. ప్రభుత్వ నివేదిక కోసం జనం బారులు తీరి నిలబడటం ఎక్కడైనా ఉందా? సంక్షిప్త ప్రతితో కలిపి ఆరు లక్షలకు పైగా అమ్ముడైంది. పేదరికం, రోగం, అజ్ఞానం, మురికి, పనిలేమి అని ఐదుగురు రాక్షసుల పేర్లు పెట్టాడు. పుట్టుక నుంచి చావు దాకా ఒక మనిషికి ఎప్పుడెప్పుడు ఆసరా కావాలో వరసగా రాశాడు. ఆ బెవరిజ్ పుట్టింది మన బెంగాల్లోని రంగపూర్‌లో, 1879లో. ఇప్పుడది బంగ్లాదేశ్.

ఇంకో సంగతి మన తెలుగువాళ్లకు నచ్చుతుంది. 1928లో "సైమన్ గో బ్యాక్" అని ప్రకాశం పంతులు గారు మద్రాసులో తుపాకులకు ఎదురు నిలబడ్డారు కదా. ఆ సైమన్ కమిషన్ ఏడుగురిలో ఒకడు ఈ అట్లీ. వెళ్లిపొమ్మని మనం నల్లజెండాలు ఊపిన మనిషే, ఇరవై ఏళ్లలోపు ప్రధానిగా మనకు స్వాతంత్ర్యం ఇచ్చే బిల్లు పెట్టాడు.

కొండపల్లి_బొమ్మ
ఇది నాకు అసలు తెలియదు! రాత్రికి వాడికి చెబుతాను. నా సామెత వెనక్కి తీసుకోవాల్సి వచ్చేట్టుంది, అయినా ఇంకొంచెం ఆగుతా.

బండిచక్రం
జర ఆగు అన్నా, అప్పుడే తీసుకోకు. సీట్లు ఇచ్చిన్రు సరే, గెలిచినంక లేబరోళ్లు ఏమిచ్చిన్రు? యుద్ధంల గూడ లేని రొట్టె రేషన్ పెట్టిన్రు. 1946 జులైల మొదలువెట్టి 1948 జులై దాకా. హిట్లర్ జలాంతర్గాములు ఓడలు ముంచుతున్నప్పుడు గూడ రొట్టెకు కూపన్ లేకుండె. శాంతి వచ్చినంక కూపన్ వచ్చింది! 1947 చలికాలంల ఆలుగడ్డకు గూడ కోటా వెట్టిన్రు. బొగ్గు గనులను 1947 జనవరి 1న జాతీయం చేసి బోర్డులు కట్టిన్రు, ఆ నెలాఖరుకే మంచు పడి బొగ్గు కదలక కరెంటు పోయింది. ఫ్యాక్టరీలు మూతపడి ఇరవై లక్షల మందికి పైగా ఇండ్లల్ల కూసున్నరు. ఇదా వీళ్ల స్వర్గం?

వేపచెట్టు
బండి అన్న చెప్పినవన్నీ నిజాలే. కారణం కూడా చెప్పాలి కదా. 1946లో ప్రపంచమంతా గోధుమకు కటకట. జర్మనీలో తాము ఆక్రమించిన ప్రాంతంలో జనం ఆకలితో చస్తుంటే వాళ్లకీ పంపాలి. మంచు కురవడం అట్లీ చేతిలో ఉందా?

బండిచక్రం
మంచు లేదు. బొగ్గు నిల్వలు తక్కువున్నయని ముందుగాల్నే చెప్తే మంత్రి పట్టించుకోలేదు, అది ఉంది.

వేపచెట్టు
అది ఒప్పుకుంటాను.

రామ్_లెస్టర్
రేషన్ మాట వచ్చింది కాబట్టి మా పెదనాన్న చెప్పేది రాస్తాను. కొంచెం పొడుగు.

ఆయన 1966లో డాక్టరుగా ఉత్తర ఇంగ్లండులో ఒక బట్టల మిల్లుల పట్నానికి వెళ్లాడు. ఆసుపత్రిలో గది ఖాళీ లేదని మొదటి ఆరు నెలలు బయట అద్దెకున్నాడు. ఆ అద్దె దొరకడం వేరే కథ, తర్వాత రాస్తా. ఇంటావిడ భర్త పోయిన పెద్దామె. మొదటిరోజు టీ పెట్టిచ్చి చక్కెర గిన్నె ముందు పెట్టింది. ఈయన మన అలవాటుగా మూడు చెంచాలు వేశాడు. మూడో చెంచాకి ఆవిడ చెయ్యి బల్లమీంచి సగం దాకా లేచి ఆగిపోయిందట. ఏమీ అనలేదు. చక్కెర మీద రేషన్ తీసేసింది 1953 సెప్టెంబరులో. అంటే అప్పటికి పదమూడేళ్లు గడిచాయి, ఆ చెయ్యి మాత్రం ఇంకా మర్చిపోలేదు.

వంటింట్లో ఒక సొరుగు నిండా దారం ముక్కలు, చక్కగా చుట్టలు చుట్టి. వెన్న చుట్టి వచ్చిన కాగితాలు మడతపెట్టి ఒక డబ్బాలో. కేకు పళ్లేనికి జిడ్డు రాయడానికి ఆ కాగితాన్నే రుద్దేది. వెన్న అంత పిసినారితనంగా ఎందుకని ఒకసారి అడిగితే, వారానికి తలకి రెండు ఔన్సులతో పదేళ్లకు పైగా బతికాం నాయనా అందట. రెండు ఔన్సులంటే యాభై ఆరు గ్రాములు. వారం మొత్తానికి!

అదే సొరుగులో ఆవిడ రేషన్ పుస్తకం. పెద్దవాళ్లకిచ్చే లేత గోధుమరంగు అట్ట. పసిపిల్లలకీ గర్భిణులకీ ఆకుపచ్చది, బడిపిల్లలకి నీలంది ఉండేవి. ఎక్కడపడితే అక్కడ కొనడానికి లేదు, ఒక కొట్టు దగ్గర పేరు రాయించుకుంటే ఆ కొట్టే. మాంసం అయితే తూకం ప్రకారం కాదు, డబ్బు ప్రకారం ఇచ్చేవారు. యుద్ధంలో తలకి వారానికి ఒక షిల్లింగు రెండు పెన్నీల విలువైన మాంసం. మంచి ముక్క కావాలంటే కొంచెం వస్తుంది, నాసిది తీసుకుంటే ఎక్కువ వస్తుంది. యుద్ధమయ్యాక ఇది ఇంకా తగ్గింది. మాంసం మీద రేషన్ ఎత్తేసింది 1954 జులైలో. గెలిచి తొమ్మిదేళ్లయ్యాక.

సీతాకోకచిలుక
ఆ చెయ్యి లేచి ఆగిపోవడం చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను రామ్ గారూ.

అందరూ సీట్లు, బొగ్గు, గోధుమలు మాట్లాడుతున్నారు, వరసలో నిలబడింది ఎవరు? ఆడవాళ్లు. యుద్ధంలో ఫ్యాక్టరీలకు రమ్మని పిలిచారు, పిల్లల కోసం ప్రభుత్వమే శిశుకేంద్రాలు తెరిచింది. యుద్ధం అయిపోగానే వాటిలో చాలావాటిని మూసేశారు. మగవాళ్లు తిరిగొస్తున్నారు, మీరిక ఇంటికెళ్లండి అని నోటితో చెప్పక్కర్లేదు, బిడ్డను పెట్టే చోటు తీసేస్తే చాలు.

అయితే ఒకటి మాత్రం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. 1945లో కుటుంబ భత్యం చట్టం తెచ్చారు. 1946 ఆగస్టు నుంచి రెండో బిడ్డ మొదలుకొని ఒక్కో బిడ్డకి వారానికి ఐదు షిల్లింగులు. ముసాయిదాలో ఆ డబ్బు తండ్రి పేరున రాశారు. ఎలినార్ రాత్‌బోన్ అనే పార్లమెంటు సభ్యురాలు పాతికేళ్లకు పైగా దీనికోసం పోరాడింది, తండ్రి పేరున అయితే నేను దీనికి వ్యతిరేకంగానే ఓటేస్తానని పట్టుబట్టింది. చివరికి తల్లి పేరున మార్చారు. చట్టం వచ్చింది, మొదటి డబ్బు తల్లుల చేతికి రాకముందే, 1946 జనవరిలో, ఆమె పోయింది. మంగళవారం మంగళవారం తల్లి తన పేరున్న పుస్తకం పట్టుకుని పోస్టాఫీసుకెళ్లి తన చేత్తో తీసుకునే డబ్బు. మొగుడి జీతం ఎంతో కూడా తెలియని ఇళ్లలో అది మొదటి సొంత డబ్బు.

డాక్టరమ్మ_వేల్స్
ఇప్పటిదాకా ఎవరూ ఆసుపత్రుల గురించి మాట్లాడలేదు. నేనిక్కడ ఒక గనుల లోయలో పద్నాలుగేళ్లుగా డాక్టర్ని.

ఎన్‌హెచ్‌ఎస్ (అందరికీ ఉచితంగా వైద్యం చేసే ప్రభుత్వ సేవ) మొదలైంది 1948 జులై 5న. తెచ్చినవాడు అన్యూరిన్ బెవన్ (పైన వేపచెట్టు గారు రాసిన బెవిన్ వేరు, ఈయన వేరు, అందరూ కలిపేస్తారు). పదమూడేళ్లకే బడి మానేసి బొగ్గు గనిలోకి దిగిన మనిషి. ఆయన ఊరు ట్రెడెగర్. అక్కడ గని కార్మికులు కూలీలోంచి పౌండుకి కొన్ని పెన్నీలు వేసుకుని సొంత వైద్య సంఘం నడుపుకున్నారు, సొంత డాక్టర్లనీ పెట్టుకున్నారు. బెవన్ దాన్నే దేశమంతటికీ పరిచాడు.

అంతకు ముందు 1911 బీమా ఒకటుండేది. అది పనిచేసే మనిషికే. పెళ్లానికీ పిల్లలకీ లేదు. మా దగ్గరికొచ్చే ముసలివాళ్లు చిన్నప్పటి సంగతులు చెబుతుంటారు. డాక్టరు బాకీ వసూలుకి శుక్రవారం సాయంత్రం ఒకాయన వీధి వెంట వచ్చేవాడట, వారానికి ఆరు పెన్నీలో ఎంతో. డబ్బు లేని వారం దీపం ఆర్పి, పిల్లల నోరు మూసి, అందరూ వంటింటి నేలమీద కూర్చునేవారట. కళ్లజోడు కావాలంటే బజారు కొట్లో గంపలోంచి ఒక్కోటి పెట్టుకుని చూసి, ఏది కాస్త నయంగా కనిపిస్తే అది కొనుక్కోవడమే.

మొదటి ఏడాదే యాభై లక్షలకు పైగా కళ్లజోళ్లు ఇచ్చారు. ఖర్చు అంచనాలు దాటిందని గగ్గోలు. కానీ ఆ జనం కొత్తగా గుడ్డివాళ్లు కాలేదు కదా! ఏళ్ల తరబడి గర్భసంచి జారిపోయి, దాన్ని గుడ్డతో కట్టుకుని బట్టలుతికి, బొగ్గు మోసిన ఆడవాళ్లు మొదటి వారాల్లోనే వచ్చి వరసలో నిలబడ్డారని అప్పటి డాక్టర్లు రాసుకున్నారు. ఎవరికీ చెప్పలేదు. చెబితే డబ్బవుతుంది.

అక్షరాల_పిచ్చి
డాక్టర్లే వద్దన్నారట కదమ్మా?

డాక్టరమ్మ_వేల్స్
అవును, మావాళ్లే. 1948 ఫిబ్రవరిలో వాళ్ల సంఘం ఓటింగు పెడితే పదింట తొమ్మిది మంది దాకా వద్దన్నారు. ప్రభుత్వ గుమాస్తాలమైపోతామని భయం. బెవన్ పెద్ద డాక్టర్లకు ఆసుపత్రిలోనే ప్రైవేటు మంచాలు పెట్టుకోనిచ్చాడు, జీతాలు పెంచాడు. జులై నాటికి అంతా చేరారు. ఆ రాజీ నాకు ఇష్టం లేదు, కానీ అది లేకపోతే జులై 5 వచ్చేదే కాదు.

వేపచెట్టు
ఇంత మంచి జరిగింది సరే, నా కడుపులో మంట ఒకటుంది, చెప్పనివ్వండి. ఇదంతా ఎవరి డబ్బు?

1945 ఆగస్టులో జపాన్ లొంగగానే అమెరికా యుద్ధ సాయం టక్కున ఆపేసింది. బ్రిటన్ 375 కోట్ల డాలర్లు అప్పు తెచ్చుకుంది, రెండు శాతం వడ్డీకి. ఆ అప్పు ఆఖరి కిస్తీ కట్టింది 2006 డిసెంబరులో. ఇది అందరూ చెప్పుకునే అప్పు. చెప్పుకోనిది ఇంకోటుంది. యుద్ధంలో మన దేశం నుంచి ధాన్యం, గుడ్డలు, తోలు, సిపాయిలు వెళ్లారు. పాతిక లక్షల మంది సిపాయిలు. వాటి ఖరీదు చేతికివ్వకుండా లండన్‌లో మన పేరున రాసుకున్నారు. అలా రాసుకుంటూ పోతే యుద్ధం అయ్యేసరికి బ్రిటన్ మనకు బాకీ పడింది దాదాపు 130 కోట్ల పౌండ్లు. ఇక్కడ నోట్లు అచ్చేసి కొన్నారు కాబట్టి ధరలు మండాయి. బెంగాల్ కరువుకున్న కారణాల్లో అదీ ఒకటి. చర్చిల్ ఆ బాకీ ఎగ్గొట్టాలనే చూశాడు.

మరి అట్లీ ప్రభుత్వం? ఎగ్గొట్టలేదు, కానీ ఒక్కసారిగా ఇవ్వనూ లేదు. ఖాతాలు బిగించి ఏడాదికింత అని వదిలారు. 1948 ఒప్పందంలో మన దేశంలో కొలువు చేసిన బ్రిటిష్ అధికారుల పెన్షన్లు, వాళ్లు వదిలిపోయిన సైనిక సామగ్రి ఖరీదు అందులోంచే మినహాయించుకున్నారు. 1949 సెప్టెంబరులో పౌండు విలువ 4.03 డాలర్ల నుంచి 2.80కి దించారు. మన బాకీ డాలర్లలో ఒక్క రోజులో మూడో వంతు దాకా కరిగిపోయింది. విభజన గాయాలతో, తిండిగింజలు దిగుమతి చేసుకుంటున్న దేశం మనది. మన సొమ్ము మనం వాడుకోవడానికి వాళ్ల దగ్గర క్యూ కట్టాం. ఆ రేషన్ పుస్తకం ముసలమ్మ మీద నాకు కోపం లేదు. కానీ లెక్క లెక్కే.

పాతపేపర్లు
మీ కోపం న్యాయమైనదే. ఒక్క మాట కలుపుతాను. రొట్టె రేషన్, చక్కెర రేషన్ అన్నేళ్లు సాగడానికీ ఈ అప్పులే కారణం. డాలర్లు పోకుండా దిగుమతులు బిగించారు. కాబట్టి ఆ ఇంటావిడ రెండు ఔన్సుల వెన్న, మన 130 కోట్ల పౌండ్లు ఒకే పద్దు పుస్తకంలో ఉన్నాయి. తేడా ఏమిటంటే ఆమెకు ప్రభుత్వాన్ని మార్చే ఓటుంది, 1943లో బెంగాల్లో చచ్చిపోయినవాళ్లకు లేదు.

కొండపల్లి_బొమ్మ
మీ ఆఖరి వాక్యం వాడికి చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు.

బండిచక్రం
వేపచెట్టన్నా, ఇది నాకు తెల్వదు. మంచిగ చెప్పినవ్. ఇండ్ల సంగతి గూడ మాట్లాడుదాం. బాంబులు పడి ఇండ్లు పోయినయి, సిపాయిలు వాపసొచ్చి పెండ్లి చేసుకున్నరు, ఉండతానికి జాగ లేదు. 1946 ఎండకాలంల ఖాళీ మిలిటరీ క్యాంపుల్లకు కుటుంబాలు పిల్లా జెల్లాతోటి పోయి సొచ్చిన్రు. సెప్టెంబర్ల లండన్ నడిమిట్ల ఉన్నోళ్ల అపార్ట్‌మెంట్లల్ల గూడ సొచ్చిన్రు. జనం ఓటేసి ఊకోలే, తలుపులు గూడ తెరుసుకున్నరు!

సీతాకోకచిలుక
అచ్చుపోసిన ఇళ్లు కూడా వచ్చాయిగా. ఫ్యాక్టరీలో ముక్కలుగా తయారుచేసి లారీలో తెచ్చి బిగించేవి, లక్షన్నరకు పైగా వేశారు. పదేళ్లు నిలిస్తే చాలనుకున్నవి కొన్ని డెబ్భై ఏళ్లున్నాయి. లోపలే మరుగుదొడ్డి, వేన్నీళ్లు, ఇంకా ఫ్రిజ్! 1946లో కూలివాళ్ల ఇంట్లో ఫ్రిజ్ అంటే ఊహించండి. ఖాళీ చెయ్యమంటే చాలామంది ఆడవాళ్లు ఒప్పుకోలేదంటే ఒప్పుకోరు మరి.

డాక్టరమ్మ_వేల్స్
ఇళ్ల శాఖ కూడా బెవన్ చేతిలోనే ఉండేది. తక్కువ కట్టినా సరే పెద్దవిగా, గట్టిగా కట్టాలని మొండికేశాడు. ఆయన కట్టించిన వీధులు ఇప్పటికీ కళ్లకు తెలుస్తాయి, గదులు విశాలంగా ఉంటాయి. తర్వాతి ప్రభుత్వంలో ఇళ్ల మంత్రిగా వచ్చిన మాక్‌మిలన్ 1953లో ఏడాదికి మూడు లక్షల ఇళ్లు కట్టి చూపించాడు, గదులు చిన్నవి చేసి. వర్షంలో తడుస్తున్నవాడికి ఏది మేలు అంటే నేను వెంటనే చెప్పలేను.

రామ్_లెస్టర్
అద్దె కథ రాస్తానన్నాను. పెదనాన్న మొదటి వారం పద్నాలుగు తలుపులు తట్టాడట. కిటికీలో "గది ఖాళీ" అని కార్డు ఉంటుంది. తలుపు తీసి మొహం చూసి "ఇప్పుడే ఇచ్చేశాం" అంటారు. మర్నాడు అదే దారిన వెళ్తే కార్డు అక్కడే. 1965లో జాతి వివక్ష చట్టం తెచ్చారు గానీ అందులో ఇళ్ల అద్దెలు లేవు, 1968 చట్టంలోనే కలిపారు. అంటే ఆయన్ని తలుపులోంచి పంపెయ్యడం 1966లో చట్టప్రకారం తప్పు కాదు. పదిహేనో తలుపు ఆ చక్కెర ఆవిడది.

అసలు పిలిచిందెవరు? 1948 జూన్ 22న జమైకావాళ్లను ఎక్కించుకుని విండ్‌రష్ ఓడ లండన్ దగ్గరి టిల్బరీ రేవుకి వచ్చింది. వాళ్లలో చాలామంది యుద్ధంలో బ్రిటన్ తరఫున పనిచేసినవాళ్లే. ఉండటానికి చోటు లేనివాళ్లను లండన్‌లోని క్లాఫమ్‌లో నేల కింద బాంబుల నుంచి దాక్కునే సొరంగంలో పెట్టారు. వాళ్లే బస్సులు నడిపారు, నర్సులయ్యారు. డాక్టర్ల సంగతీ అంతే. 1957లో ఒక కమిటీ డాక్టర్లు ఎక్కువైపోతారు, వైద్య సీట్లు తగ్గించండి అంది. ఏళ్లు తిరక్కుండానే కొరత. అప్పుడు మనవాళ్లు కావాల్సి వచ్చారు. ఎవరూ ఇష్టపడని ముసలివాళ్ల వార్డులు, మానసిక వైద్యశాలలు, గనుల ఊళ్లు మనవాళ్లకొచ్చాయి. పెదనాన్న ముప్పై ఒక్క ఏళ్లు ముసలివాళ్ల వార్డులోనే చేశాడు. పెద్ద డాక్టరు పదవికి నాలుగుసార్లు అడిగాడు. నాలుగుసార్లూ తను నేర్పిన కుర్రాళ్లకే ఇచ్చారు.

డాక్టరమ్మ_వేల్స్
రామ్ గారూ, నేను ఈ లోయకొచ్చినప్పుడు నా ముందున్నాయన పంజాబీ, ఆయన ముందున్నాయన బెంగాలీ. బెవన్ ఊరి చుట్టుపక్కలంతా ఇదే వరస. మీ పెదనాన్న గారికి నా నమస్కారం చెప్పండి.

అక్షరాల_పిచ్చి
ఆఖరికి ఏమైందో కూడా చెప్పుకోవాలి. 1950లో కొరియా యుద్ధం వచ్చింది, మళ్లీ ఆయుధాలకు డబ్బు కావాల్సి వచ్చింది. 1951లో కళ్లజోళ్లకీ కట్టుడు పళ్లకీ సగం ఖర్చు వసూలు చేస్తామన్నారు. బెవన్ మంత్రి పదవికి రాజీనామా చేశాడు, పార్టీ రెండుగా చీలినంత పనైంది. ఆ అక్టోబరులో ఎన్నికలు. లేబర్‌కి చర్చిల్ పార్టీ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి, సీట్లు మాత్రం 295. వాళ్లకి 321. 76 ఏళ్ల చర్చిల్ మళ్లీ ప్రధాని.

బండిచక్రం
సూసినవా కొండపల్లన్నా, బోడి మల్లయ్య మళ్ల ఓడ మల్లయ్య అయిండు!

పాతపేపర్లు
అయ్యాడు. మరి ఎన్‌హెచ్‌ఎస్‌ని తీసేశాడా? 1952లో మందుల చీటీకి ఒక షిల్లింగు పెట్టాడు, అంతే. ఉక్కు పరిశ్రమని ప్రైవేటు వాళ్లకి వెనక్కిచ్చేశాడు, బొగ్గునీ రైళ్లనీ ముట్టుకోలేదు. 1945లో గెస్టపో అన్నదాన్నే 1951లో తన చేత్తో నడిపాడు. మీ అబ్బాయికి ఇది తప్పకుండా చెప్పండి.

కొండపల్లి_బొమ్మ
సామెత వెనక్కి తీసుకుంటున్నాను. వాడికి "కృతజ్ఞత లేక" అన్న జవాబు తప్పని చెప్పాను. "మళ్లీ 1930లలోకి మేం వెళ్లం" అంటూ జనం వేసిన ఓటది, అని పాతపేపర్లు గారి మాటల్లోనే చెప్పాను. వేపచెట్టు గారి పద్దు కూడా చెప్పాను. ప్రాజెక్టులో రెండూ రాస్తానన్నాడు. వాడికి ఒక కోరిక. రామ్ గారూ, ఆ రేషన్ పుస్తకం ఇప్పుడెక్కడుంది? ఒక ఫొటో దొరుకుతుందా?

రామ్_లెస్టర్
ఆవిడ 1979లో పోతూ పెదనాన్నకి రాసిచ్చిన రెండు వస్తువుల్లో అదొకటి. రెండోది ఆ చక్కెర గిన్నె. పుస్తకం ఆయన మంచం పక్క బల్లలో ఉంటుంది. చివరి పేజీల్లో కత్తిరించని కూపన్లు ఇంకా కొన్ని ఉన్నాయి. ఆదివారం వాళ్లింటికి వెళ్తున్నా, తీసి పెడతాను.

సీతాకోకచిలుక
గిన్నె ఫొటో కూడా.